తిరగబోసిన నీళ్ళు

ఉదయం ఆరు గంటలు, సన్నని తుంపర. ఏటిగట్టు పార్కులోని అక్వేరియం తాళం తీస్తున్న నూకరత్నం పనిలో ఎంత నేర్పరో, ఆ పని ఇంకొకరికి చూపించడంలో అంత పిసినారి.

ఆ అక్వేరియంలో ఉన్నది ఒకటే తొట్టి. ముప్పై అడుగుల పొడవు, మనిషిన్నర ఎత్తు, ముందూ వెనకా మందపాటి గాజు. లోపల నీటి అడవి ఉండేది. రిబ్బన్లలాంటి పచ్చని ఆకులు అడుగు నుంచి పైదాకా సాగి ఊగుతుండేవి. కొన్ని మొక్కలు ఎర్ర తోటకూరలా, కొన్ని కొత్తిమీరలా సన్నగా ఉండేవి. ఆ సందుల్లో రెండు వందల పద్నాలుగు చేపలు తిరిగేవి. అన్నీ మంచినీటి చేపలే. ఆదివారం పిల్లలు వస్తే అద్దానికి ముక్కులు ఆనించి నిలబడిపోయేవారు. వాళ్ళను ఇంటికి తీసుకుపోవడం తల్లులకు పెద్ద పని.

ఎనిమిదేళ్ళుగా ఆ అడవిని బతికిస్తున్నది నూకరత్నమే. పొడవాటి కత్తెరతో పెరిగిన ఆకులు కత్తిరించేది. ఒక్క పండుటాకును కూడా నీళ్ళలో కుళ్ళనిచ్చేది కాదు. కొత్త నీళ్ళు పోయాలంటే ముందురోజే డ్రముల్లో పట్టి, క్లోరిన్ వాసన పోయేదాకా ఉంచేది. సాయంత్రం తాళం వేసేముందు చేపలను లెక్కపెట్టేది. లెక్క సరిపోతేనే ఇంటికి వెళ్ళేది.

తొట్టి వెనక గదిలో గోడకు పదకొండు వాల్వులు ఉండేవి. వాటిని అమర్చినవాళ్ళు ఒక్కోదానికి ఒక్కో పేరు చీటీ అంటించి వెళ్ళారు. వాళ్ళు వెళ్ళిన వారానికే నూకరత్నం ఆ చీటీలన్నీ గోరుతో గీకేసింది. ఆమెది పర్మనెంటు ఉద్యోగం కాదు. ఏ ఏటికి ఆ ఏడు కాగితం మార్చుకోవాలి. పని నలుగురికీ తెలిస్తే తనను ఎందుకు ఉంచుతారని ఆమె భయం.

అద్దం బయటివైపు తుడిచే సన్యాసిరావు అరవై ఏళ్ళ మనిషి. చేరిన కొత్తలో ఒకసారి, ఏ వాల్వు దేనికని అడిగాడు. "నీ గుడ్డ నువ్వు చూసుకో సన్యాసన్నా" అంది ఆమె. అతను మళ్ళీ అడగలేదు. నూకరత్నం కూతురు పావని డిగ్రీ చదువుతోంది. ఆ పిల్ల అడిగినా అదే సమాధానం. పార్కు గేటు దగ్గర టీ అమ్మే కొండమ్మనైతే గుమ్మం కూడా తొక్కనిచ్చేది కాదు. పొయ్యి పొగ అద్దానికి పడుతుందట.

ఆ ఉదయం నూకరత్నం ఏరు దాటి పక్క ఊరికి, అక్క మనవడి బారసాలకు వెళ్ళాలి. పన్నెండింటికల్లా వచ్చేస్తానని తాళం పావనికి ఇచ్చింది. అంతవరకూ బాగానే ఉంది. తొట్టిలోకి గ్యాసు వదలడం చూపించడానికి మాత్రం మనసు రాలేదు.

ఆ గ్యాసు సంగతి కొంచెం చెప్పాలి. అది సోడాలో ఉండే గ్యాసే, సిలిండరు నుంచి వస్తుంది. వెలుగు ఉన్నంతసేపు మొక్కలు దాన్ని పీల్చుకుని చేపలకు ఊపిరి ఇస్తాయి. వెలుగు పోతే మొక్కలు కూడా చేపల్లాగే ఊపిరి తీసుకుంటాయి. అప్పుడు గ్యాసు ఆపకపోతే చేపలకు ఊపిరాడదు. అందుకే రోజూ ఎనిమిదింటికి లైట్లు వేశాక గ్యాసు వదలాలి, సాయంత్రం ఐదింటికి కట్టేయాలి. ఆ రోజు నూకరత్నం ఆరింటికే లైట్లు వేసి, గ్యాసు తానే వదిలి, "ఏదీ ముట్టుకోకు" అని కూతురికి చెప్పి బస్సెక్కింది.

పది గంటలకు తుంపర కాస్తా వాన అయింది. పదకొండుకు గాలి లేచింది. వాయుగుండం ఇటే తిరిగిందని ఎవరో చెప్పారు. పార్కులో ఉన్నవాళ్ళు, గేటు బయట కూరలమ్మేవాళ్ళు, దారినపోయేవాళ్ళు అందరూ తడుస్తూ వచ్చి అక్వేరియంలో తలదాచుకున్నారు. కొండమ్మ టీ సామాను నెత్తిన పెట్టుకుని వచ్చి గుమ్మం దగ్గర ఆగింది.

"లోపలికి రావచ్చా, లేక మీ అమ్మను అడిగి వస్తావా?" అంది పావనితో.

పావని నవ్వి ఆమెను చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకొచ్చింది.

పదకొండున్నరకు కరెంటు పోయింది. లైట్లు ఆరిపోయాయి. నీటిని తిప్పే పంపులు ఆగాయి. జనరేటరు గదిలో అప్పటికే మోకాలి లోతు నీళ్ళు.

అరగంట గడిచింది. చేపలు ఒక్కొక్కటే పైకి రావడం మొదలుపెట్టాయి. కాసేపటికి అన్నీ పైనే ఉన్నాయి. నీటి అంచున నోళ్ళు తెరుస్తూ మూస్తూ ఉన్నాయి. పాపం ఆకలేసిందనుకున్నారు జనం. ఒకాయన మరమరాల పొట్లం విప్పి, తొట్టి పక్క మెట్లు ఎక్కబోయాడు. పావనికి అది ఆకలిలా అనిపించలేదు. ఆయనను ఆగమని చెప్పి తల్లికి ఫోను చేసింది.

నూకరత్నం అప్పుడు ఏటికి అవతలి ఒడ్డున, ఆగిపోయిన బస్సులో కూర్చుని ఉంది. ఏరు దాటే చప్టా మీద నడుము లోతు నీళ్ళు పారుతున్నాయి. ఆమె ఫోనులో చార్జింగు చివరి గీత మిగిలింది.

సంగతి వినగానే ఆమెకు అంతా అర్థమైంది. "తిండి వేయనివ్వకు. ముందు గ్యాసు కట్టెయ్యి" అంది.

"ఏ వాల్వు అమ్మా?"

నూకరత్నం చెప్పబోయింది.

ఎనిమిదేళ్ళుగా రోజుకు రెండుసార్లు తిప్పిన వాల్వు అది. కళ్ళు మూసుకున్నా చెయ్యి తిన్నగా దాని మీదికే పోయేది. కానీ అది ఎడమ నుంచి ఎన్నోది? పై వరుసా, కింది వరుసా? ఆమె ఏనాడూ లెక్కపెట్టలేదు. ఇంకొకరికి చెప్పే పని పడలేదు గనక తనకు తాను కూడా చెప్పుకోలేదు. బస్సులో కూర్చునే కళ్ళు మూసుకుని గాలిలోకి చెయ్యి చాపింది. అక్కడ గోడ లేదు, పైపులు లేవు. చేతికి ఏమీ గుర్తురాలేదు.

"నా చేతికి తెలుసే. నా నోటికి తెలియదు" అంది. మధ్యలోదేమో చూడమంది.

పావని వెనక గదికి పరుగెత్తి మధ్యలో ఉన్న వాల్వు తిప్పింది. ఎక్కడో గడగడమని చప్పుడైంది. మంచిదో చెడ్డదో తెలియలేదు. ఇంతలో హాల్లోంచి కేకలు వినిపించాయి. తొట్టిలో నీళ్ళు తగ్గిపోతున్నాయి. అది నీళ్ళు బయటికి వదిలే వాల్వు. పావని రెండు చేతులతో దాన్ని మళ్ళీ బిగించేసరికి బెత్తెడు నీళ్ళు పోయాయి.

ఆమె గోడకు ఆనుకుని నిలబడిపోయింది. ఇంకా పది ఉన్నాయి. దేన్ని తిప్పితే ఏమవుతుందో ఎవరికి తెలుసు?

గుమ్మం దగ్గర సన్యాసిరావు నిలబడి ఉన్నాడు. చేతిలో గుడ్డ అలాగే ఉంది. ఎనిమిదేళ్ళలో ఆ గది దాకా అతను రావడం అదే మొదటిసారి.

"అమ్మా పావనీ, ఆ కింద మూలది తిప్పు" అన్నాడు.

"నీకెలా తెలుసు మావయ్యా?"

"సాయంత్రం ఐదింటికి మీ అమ్మ ఈ గదిలోకి వస్తుంది. నేను ముందువైపు అద్దం తుడుస్తుంటాను. ఆకుల సందుల్లోంచి నీడ కనిపిస్తుంది. కుడి మోకాలు నేలకు ఆనించి, ఎడమ చెయ్యి మూలకు చాపుతుంది. ఆ వెంటనే తొట్టిలో బుడగలు ఆగిపోతాయి. ఎనిమిదేళ్ళుగా చూస్తున్నాను. గాజు తొట్టి కదమ్మా, దాచడానికి ఏముంది?"

పావని కుడి మోకాలు నేలకు ఆనించింది. ఎడమ చెయ్యి చాపింది. చేతికి తగిలిన వాల్వు తిప్పింది. సన్యాసిరావు ముందువైపు వెళ్ళి చూసి, బుడగలు ఆగిపోయాయని చెప్పాడు.

ఫోను ఇంకా తెగలేదు. గ్యాసు ఆగిందని పావని తల్లికి చెప్పింది. ఎవరు చూపించారని నూకరత్నం అడిగింది. సన్యాసి మావయ్య అని పావని చెప్పింది.

తర్వాత నూకరత్నం గబగబా చెప్పుకుపోయింది. గ్యాసు ఆగితే చాలదు. నీళ్ళకు గాలి తగలాలి. గిన్నెలతో ముంచి, ఎత్తునుంచి మళ్ళీ తొట్టిలోనే పోయాలి. ఆపకుండా పోయాలి. గిన్నెకు నూనె గానీ సబ్బు గానీ ఉండకూడదు. రాగిది అసలు దగ్గరికి రానివ్వకూడదు. మెట్ల పైన, తొట్టి వెనక అంచున వేసిన పలక మీద ఒక్కసారికి ఎనిమిది మంది కంటే...

అక్కడితో ఫోను ఆగిపోయింది.

పావని హాల్లోకి వచ్చి జనానికి ఉన్న మాట చెప్పింది. నీళ్ళు ముంచి ఎత్తునుంచి పోయాలంటే కొందరు ముఖముఖాలు చూసుకున్నారు. ఇంత తొట్టికి చెంబులతో ఏమవుతుందని ఒకరు గొణిగారు.

కొండమ్మ చీర కొంగు నడుముకు దోపింది.

"ఇదేముంది, టీ తిరగబోసినట్టే కదా" అంది.

వాన నీళ్ళలో కెటిలు మూడుసార్లు కడిగింది. మెట్లెక్కింది. పలక మీద మోకాళ్ళు వేసి, కెటిలు నిండా ముంచి, భుజం పైకెత్తి పోసింది. సన్నని తీగలా దిగిన నీరు తొట్టిలో పడి వెయ్యి బుడగలై లోపలికి పోయింది. దగ్గర్లో ఉన్న రెండు చేపలు ఆ బుడగల వైపు తిరిగాయి. కింద అద్దం దగ్గర నిలబడ్డవాళ్ళందరూ అది చూశారు.

ఇక ఎవరికీ చెప్పాల్సిన అవసరం లేకపోయింది. కూరలమ్మే వాళ్ళు తమ చెంబులు తెచ్చారు. ఒకావిడ కారియరు గిన్నెలోని పెరుగన్నం భర్తకు అక్కడికక్కడే తినిపించి గిన్నె కడిగింది. వాకింగుకు వచ్చే పెద్దాయన ఒకరు తన నీళ్ళ సీసా పట్టుకుని పైకెక్కబోతే సన్యాసిరావు ఆపాడు. అది రాగిది. రాగి ఆరోగ్యానికి మంచిదని ఆయన వాదించాడు.

"మీ ఆరోగ్యానికి మంచిదే. వాటికి విషం. రత్నమ్మ మాట" అన్నాడు సన్యాసిరావు, ఆయన చేతిలో ప్లాస్టిక్ మగ్గు పెడుతూ.

ఎనిమిది మంది ఎక్కేవారు. సన్యాసిరావు వంద లెక్కపెట్టేవాడు. వాళ్ళు దిగితే ఇంకో ఎనిమిది మంది ఎక్కేవారు. చేతులు పడిపోతున్నా వరుస తెగలేదు. పోయిన ఆ బెత్తెడు నీళ్ళ వల్ల ఒక మేలు జరిగింది. పోసే నీళ్ళు ఇంకొంచెం ఎత్తునుంచి పడ్డాయి. కొండమ్మ మధ్యమధ్య అందరి చేతులూ చూస్తూ తిరిగింది. ఎత్తు చాలలేదని ఒకరిని, ఒలకబోస్తున్నావని ఇంకొకరిని సరిదిద్దింది.

"మీ అమ్మకు నా పొగ పనికిరాలేదు గానీ నా చెయ్యి పనికొచ్చింది చూశావా" అంది పావనితో.

అవతలి ఒడ్డున నూకరత్నానికి ఇవేవీ తెలియవు. చచ్చిన ఫోను ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. తన మొక్కలు, తన చేపలు అని ఎనిమిదేళ్ళు అనుకుంది. ఇప్పుడు ఆ తొట్టి దగ్గర తన కూతురు పేర్లు లేని పదకొండు వాల్వుల ముందు నిలబడి ఉంది. ఆ పేర్లు గీకేసిన గోరు తనదే. ఆమె తన గోళ్ళ వైపు చూసుకుంది. పక్కన కూర్చున్నావిడ అరటిపండు ఇస్తే తీసుకుని తినడం మరిచిపోయింది.

ఐదింటికి ఏరు తగ్గింది. ఒక ట్రాక్టరు బస్సులోవాళ్ళను ఇవతలికి దాటించింది. నూకరత్నం మోకాలి లోతు నీళ్ళలో నడిచి పార్కుకు చేరేసరికి ఆరు దాటింది.

కరెంటు ఇంకా రాలేదు. అక్వేరియం తలుపు తెరిచి ఉంది. లోపల మసక చీకటి. ఆమెకు ముందు చప్పుడు వినిపించింది. బయట వాన తగ్గింది గానీ లోపల వాన పడుతోంది. పలక మీద ఎనిమిది నీడలు వంగుతూ లేస్తూ ఉన్నాయి. కింద జనం వరుసలో నిలబడి ఉన్నారు.

ఆమె తిన్నగా మెట్ల వైపు నడిచింది. గిన్నె పట్టుకున్న ఒకావిడ చెయ్యి అడ్డం పెట్టింది.

"ఎవరమ్మా నువ్వు? ఇప్పుడొచ్చి ముందుకెళ్ళిపోతే ఎలా? వరుసలో నిలబడు."

నూకరత్నం ఆమె వైపు చూసింది. వెనక్కి వెళ్ళి వరుస చివర నిలబడింది. పక్కనున్నవాళ్ళు ఒక చెంబు చేతికిచ్చారు. తన వంతు వచ్చాక పైకెక్కి, నీళ్ళు ముంచి పోసింది. పక్కన కొండమ్మ ఉంది.

"ఇంకొంచెం ఎత్తు" అంది కొండమ్మ, ఎవరో చూడకుండానే.

నూకరత్నం ఇంకొంచెం ఎత్తింది.

ఏడింటికి కరెంటు వచ్చింది. ఒక్కసారిగా లైట్లు వెలిగాయి, పంపులు హోరెత్తాయి, పచ్చని అడవి అంతా కళ్ళముందు నిలిచింది. పైన గుమిగూడిన చేపలు కాసేపటికి ఒక్కొక్కటే కిందికి, ఆకుల్లోకి దిగాయి. చేతులు ఎత్తలేనంత అలసిపోయిన జనం కూడా చప్పట్లు కొట్టారు. మళ్ళీ వాన వచ్చేలోపు ఇళ్ళకు పోవాలని అందరూ తొందరగా బయల్దేరారు. ఆ తొందరలో గిన్నెలన్నీ అక్కడే వదిలేశారు.

మర్నాడు ఉదయం ఆరు గంటలు. వాన లేదు. నీరెండ కాస్తోంది.

నూకరత్నం అక్వేరియం తెరిచి, వదిలేసిన గిన్నెలన్నీ తుడిచి గుమ్మంలో వరుసగా పెట్టింది. చెంబులు, మగ్గులు, కారియరు గిన్నెలు, ఒక కెటిలు. మొత్తం ఇరవై ఆరు. తర్వాత పావని పాత నోటుపుస్తకంలోంచి చీటీలు కత్తిరించింది. సన్యాసిరావును వెనక గదిలోకి పిలిచి స్టూలు వేసింది.

"సన్యాసన్నా, ఒక్కోటి తిప్పి చూపిస్తాను. నువ్వు పేరు పెట్టు, పావని రాస్తుంది. నేను చదువుతాను. నా నోటికి కూడా రావాలి కదా" అంది.

పదకొండు చీటీలూ అంటించారు. సన్యాసిరావు కింద మూల వాల్వుకు 'మోకాలి వాల్వు' అని పేరు పెట్టాడు. చీటీ మీద అదే రాశారు. రెండో తాళంచెవి ఆ రోజు నుంచి అతని దగ్గరే ఉంది.

గిన్నెల కోసం ఒక్కొక్కరే రాసాగారు. నూకరత్నం గుమ్మంలో నిలబడి ఎవరిది వాళ్ళకు చేతికిచ్చింది. రాత్రి క్షేమంగా ఇల్లు చేరారా, ఇంట్లోవాళ్ళు బాగున్నారా అని ప్రతి ఒక్కరినీ అడిగింది. అడిగి వేలు మడిచింది. తనను వరుసలో నిలబెట్టినావిడ కూడా వచ్చింది. ఎవరో తెలిసి సిగ్గుపడబోయింది. బాగా చేశావంటూ నూకరత్నం ఆమె గిన్నె ఆమెకిచ్చింది.

తొమ్మిదింటికి ఒక్క కెటిలే మిగిలింది.

కొండమ్మ ఉండేది ఏటి వీధిలో. ఆ వీధిలో రాత్రి నీళ్ళు వచ్చాయని చెప్పుకుంటున్నారు. పావని ఫోను చేస్తే పలకలేదు. నూకరత్నం కాసేపు గేటు వైపు చూసింది. ఆగలేకపోయింది. కెటిలు పట్టుకుని తానే బయల్దేరింది. గేటు దాటుతుండగా కొండమ్మ ఎదురొచ్చింది. మోకాళ్ళదాకా బురద.

"ఇంట్లోకి నీళ్ళొస్తే పిల్లల్ని పక్కింటి మేడ ఎక్కించాను. అందరూ బాగున్నారు. నా కెటిలేదీ? అందులో చేప ఉంటే మాత్రం నాదే" అంది.

నూకరత్నం కెటిలు ఇవ్వలేదు. మరో చేత్తో కొండమ్మ చెయ్యి పట్టుకుని గుమ్మం దాటించి లోపలికి తీసుకుపోయింది. తొట్టి ముందు బల్ల మీద కూర్చోబెట్టింది.

ఆ రోజు చేపలను కూడా లెక్కపెట్టింది. రెండు వందల ఐదు ఉన్నాయి. తొమ్మిది పోయాయి. అందులో మొదటి రోజు నుంచీ ఉన్న ముసలి చేప కూడా ఒకటి. వాటిని తోటలో పాతిపెట్టి కాసేపు అక్కడే నిలబడింది. కానీ ఎనిమిదేళ్ళలో మొదటిసారి, చేపల కంటే ముందు మనుషులను లెక్కపెట్టింది. గిన్నెలవాళ్ళు ఇరవై ఐదు మంది, కెటిలుతో కొండమ్మ ఇరవై ఆరు. సన్యాసిరావు ఇరవై ఏడు. పావని ఇరవై ఎనిమిది. అందరూ క్షేమంగా ఇల్లు చేరారు.

మన చేతికి మాత్రమే తెలిసిన పని మన చెయ్యి అందని రోజున ఎవరికీ అక్కరకు రాదు. నలుగురికీ నేర్పిన పని మనం లేని చోట కూడా మన బదులు నిలబడుతుంది.